పర్మా ఊరి చరిత్ర రాసిన సన్యాసి సలింబేనె: చదివినవాళ్లు, చదవాలనుకునేవాళ్లు ఇక్కడ మాట్లాడండి

చరిత్రప్రియ

అందరికీ నమస్కారం. కైఫీయత్తుల (మన ఊళ్ల స్థానిక చరిత్రల) థ్రెడ్‌లో ఒకరు అడిగారు, "యూరప్‌లో కూడా సొంత ఊరి సంగతులు ఇలా రాసిపెట్టినవాళ్లు ఉన్నారా" అని. చాలామంది ఉన్నారు. వాళ్లలో నాకు ఎక్కువ ఇష్టమైనవాడి గురించి ఈ థ్రెడ్ మొదలుపెడుతున్నాను.

పేరు సలింబేనె. ఇటలీ ఉత్తరభాగంలో ఉన్న పర్మా అతని ఊరు. పుట్టింది 1221 అక్టోబరు 9న. ఫ్రాన్సిస్కన్ సన్యాసి, అంటే సెయింట్ ఫ్రాన్సిస్ పెట్టిన క్రైస్తవ సభవాడు. 1280లలో, అరవై దాటిన వయసులో, లాటిన్‌లో ఒక పెద్ద చరిత్ర గ్రంథం రాశాడు. దాని మొదటి భాగం పోయింది. మిగిలిన రాతప్రతి 1168 దగ్గర మొదలై 1287 దాకా నడుస్తుంది. అది అతను స్వయంగా తన చేత్తో రాసిన ప్రతి, ఇప్పుడు వాటికన్ గ్రంథాలయంలో ఉంది.

రాజులు, పోపులు, యుద్ధాలు అన్నీ ఉంటాయి కానీ ఆ పుస్తకానికి ప్రాణం పర్మా. ఏ వీధిలో ఎవరి ఇల్లు ఉండేది, ఎవరి కూతురు ఎవరి ఇంటికి వెళ్లింది, ఏ ఏడు మంచుకి ద్రాక్షతీగలు చచ్చిపోయాయి, ఎవరు ఎవరిని చంపి ఊరు వదిలిపోయారు, ఇవన్నీ ఉంటాయి. మధ్యలో తన ఇంటి సంగతులు వస్తాయి. మళ్లీ ఊరి సంగతులు. రెండింటికీ మధ్య గీత ఉండదు. నా ఉద్దేశంలో ఆ పుస్తకం గొప్పతనం అదే. ఆ గీత లేదు కాబట్టే ఎనిమిది వందల ఏళ్ల కిందటి పర్మా మనుషులు మనకి ఈరోజు దొరుకుతున్నారు.

ఉదాహరణకి ఒక్కటి చెప్తాను. 1222 క్రిస్మస్ రోజున అక్కడ పెద్ద భూకంపం వచ్చింది. అప్పటికి సలింబేనె ఉయ్యాలలో పిల్లాడు. వాళ్ల ఇల్లు ఊరి బాప్తిస్మ మందిరానికి ఆనుకుని ఉండేది. మందిరం ఇంటిమీద పడుతుందేమోనని వాళ్లమ్మ ఇద్దరు ఆడపిల్లల్ని చెరో చంకన పెట్టుకుని పుట్టింటికి పరిగెత్తింది. వీణ్ణి ఉయ్యాలలోనే వదిలేసింది. ఈ సంగతి తర్వాత ఆవిడే చెప్పిందట. "అందుకని అమ్మంటే నాకు అంత ప్రేమ ఉండేది కాదు, మగపిల్లాణ్ణి కదా, ముందు నన్ను ఎత్తుకోవాల్సింది" అన్నట్టు ముసలితనంలో రాసుకున్నాడు. వెంటనే ఆవిడ చెప్పిన జవాబు కూడా రాశాడు: అక్కలు కాస్త పెద్దవాళ్లు, ఎత్తుకోవడానికి వీలుగా ఉన్నారని.

భూకంపాల లెక్క తీసేవాళ్లకి ఇది ఒక తేదీ. నాకు మాత్రం ఒక తల్లి కనిపిస్తుంది.

గోదావరి_గట్టు

ప్రియ గారూ, మొదటి పోస్టుతోనే కట్టిపడేశారు. ఆ తల్లి గురించి ఇంకేమైనా రాశాడా? మగపిల్లాణ్ణి వదిలేసిందని కోపం అలాగే ఉండిపోయిందా?

చరిత్రప్రియ

రాశాడండి, చాలా గౌరవంగా రాశాడు. ఆవిడ పేరు ఇమెల్డా. ఎప్పుడూ ఉపవాసాలుండేది, బీదలకి దానం చేసేది, ఆవిడ కోప్పడగా తను ఎప్పుడూ చూడలేదని, పనిపిల్ల మీద చెయ్యి చేసుకోలేదని చెప్తాడు. ప్రతి చలికాలం కొండల్లోంచి వచ్చే ఒక పేదరాలిని ఇంట్లో పెట్టుకుని తిండీ బట్టా ఇచ్చేదట. చివరి రోజుల్లో ఆవిడ కూడా క్లారా సభలో (ఫ్రాన్సిస్కన్ బాటలో నడిచే ఆడవాళ్ల సభ) చేరి సన్యాసిని బట్టలు వేసుకుంది.

తండ్రి గ్విదో వేరే రకం. అందగాడు, ధైర్యవంతుడు, ఫ్లాండర్స్ ప్రభువు బాల్డ్విన్ కాలంలో క్రూసేడుకి (క్రైస్తవుల మతయుద్ధానికి) వెళ్లొచ్చినవాడు. కొడుకు సన్యాసంలో కలిసినందుకు జీవితాంతం మండిపడ్డాడు. ఆ కథ పెద్దది. రాత్రికి రాస్తాను.

కరణంగారి_మనవడు

ఆసక్తికరంగా ఉంది. కానీ ఒక మాట. సొంత గోల ఇంత కలిపితే దాన్ని ఊరి చరిత్ర అనొచ్చా? ఆత్మకథ అనాలేమో. మా తాత రాసిన గ్రామ లెక్కలు నేను చూశాను. చెరువు ఎన్ని ఎకరాలు తడుపుతుంది, ఇనాం ఎవరికి, గుడి మాన్యం ఎంత, అంతే. తన పేరు చివర సంతకంలో తప్ప ఎక్కడా కనపడదు. ఊరి రాత అలా ఉండాలని నా అభిప్రాయం.

ఓరుగల్లు_వాసి

రెండూ అవసరమే కదా అన్నా. ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య లాంటివాళ్లు ఊరూరా తిరిగి పోగుచేసిన కైఫీయత్తుల్లో చెరువు లెక్క పక్కనే అమ్మవారి మహిమ, పాలెగాడి పగ కూడా ఉంటాయి. వాటిలో నాకు గుర్తుండిపోయేవి లెక్కలు కావు.

ఇంకో సంగతి. ఈయన పుస్తకం రాస్తున్న 1280లలో ఇక్కడ ఓరుగల్లులో రుద్రమదేవి పాలన చివరి రోజులు. ఆవిడ మరణం మనకి తెలిసింది 1289 నాటి చందుపట్ల శాసనం వల్ల. కొన్ని పంక్తులే. ఆ రోజుల్లో ఊళ్లో జనం ఏం మాట్లాడుకున్నారో రాసినవాడు మనకి ఒక్కడు దొరికినా ఎంత బాగుండేది! ఈ పర్మా ఆయన కథ చదువుతుంటే నాకు అదే అనిపిస్తోంది.

చరిత్రప్రియ

చెప్పినట్టు తండ్రీకొడుకుల కథ. ఇది కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

1238 ఫిబ్రవరి 4, సాయంత్రం. అప్పటి ఫ్రాన్సిస్కన్ సభ పెద్ద బ్రదర్ ఎలియాస్ పర్మా మీదుగా వెళ్తున్నాడు. పోపు పని మీద పవిత్ర రోమన్ సామ్రాజ్య చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ దగ్గరికి ప్రయాణం. పదహారేళ్ల సలింబేనె ఆయన దగ్గరికి వెళ్లి సభలో చేర్చుకోమని అడిగాడు. ఎలియాస్ చేర్చుకున్నాడు. ఆ రోజు ఎలియాస్ ఎలా కూర్చున్నాడో కూడా రాశాడు చూడండి: చలిమంట ముందు, ఈకల పరుపు మీద, తలకి అర్మేనియన్ టోపీ పెట్టుకుని. ఊరి అధికారి పరివారంతో వచ్చి నమస్కారం చేస్తే లేచి నిలబడలేదట. పేదరికం వ్రతంగా పెట్టుకున్న సభకి పెద్ద అలా కూర్చోవడం ఆ కుర్రాడికి అర్థమై ఉండకపోవచ్చు. యాభై ఏళ్ల తర్వాత రాసిన ముసలివాడికి మాత్రం బాగా అర్థమైంది.

ఆ రాత్రి మఠంలో మంచి భోజనం పెట్టారు. మర్నాటి నుంచి క్యాబేజీ. ఇంట్లో ఉన్నప్పుడు అతను క్యాబేజీ ముట్టేవాడు కాదు, దానితో కలిపి వండిన మాంసం కూడా తినేవాడు కాదు. ఇక జీవితమంతా అదే తినాల్సొచ్చిందని రాసుకున్నాడు.

అన్న గ్విదో (తండ్రి పేరే) కూడా అదే సభలో చేరాడు. అంటే ఇంట్లో వారసులుగా ఉన్న ఇద్దరు కొడుకులూ పోయారు. తండ్రి ఊరుకోలేదు. చక్రవర్తి దాకా వెళ్లాడు. ఫ్రెడరిక్ నుంచి ఎలియాస్‌కి ఉత్తరం రాయించుకున్నాడు, ఎలియాస్ నుంచి మఠానికి ఉత్తరం తెచ్చుకున్నాడు: కుర్రాడికి ఇష్టమైతే పంపెయ్యండి అని. అప్పటికి సలింబేనెని సముద్రపు ఒడ్డున ఉన్న ఫానో ఊరి మఠంలో దాచారు. తండ్రి గుర్రపు రౌతుల్ని వెంటేసుకుని అక్కడికి వెళ్లాడు.

అందరి ముందూ అడిగారు: వెళ్తావా? "నాకంటే తల్లినిగాని తండ్రినిగాని ఎక్కువగా ప్రేమించేవాడు నాకు పాత్రుడు కాడు" అన్న సువార్త వాక్యం చెప్పి కొడుకు వెళ్లనన్నాడు. తండ్రి ఒంటరిగా మాట్లాడనివ్వమన్నాడు. అదీ పని చెయ్యలేదు. చివరికి నేల మీద పడి ఏడ్చాడు, లేచి శపించాడు. "నిన్ను వెయ్యి దయ్యాలకి అప్పగిస్తున్నాను, నిన్నూ, నిన్ను మోసం చేసిన నీ అన్ననీ" అని వెళ్లిపోయాడు. బలవంతంగా ఎత్తుకుపోతాడేమోనన్న భయంతో సన్యాసులు కుర్రాణ్ణి యేజీ అనే ఊరికి మార్చారు.

ఇప్పుడు కరణంగారి మనవడు గారి ప్రశ్నకి వస్తాను. ఆ వంశం అక్కడితో ఆగిపోయింది. "నేనూ మా అన్నా సన్యాసంలో చేరి మా ఇంటిని నాశనం చేశాం, పరలోకంలో కట్టుకోవాలని" అన్న అర్థం వచ్చే మాట తనే రాశాడు. అన్నకి సన్యాసానికి ముందు పుట్టిన కూతురు ఆగ్నెస్ కూడా పర్మాలో క్లారా సభ సన్యాసిని అయింది. ఇంటి చరిత్ర రాసింది ఆ అమ్మాయి కోసం. తాత ముత్తాతలు ఎవరో ఆమెకి తెలియదు, తెలిస్తే వాళ్ల ఆత్మల కోసం ప్రార్థన చేస్తుంది కదా అని. ఆమెకి అర్థమయ్యేలా అలంకారాలు లేకుండా మామూలు మాటల్లో రాస్తున్నానన్నాడు. కొనసాగడానికి ఇల్లు లేనివాడు ఇంటినీ ఊరినీ కలిపి రాశాడు. ఇందులో సొంత గోల నాకు కనపడలేదు.

బెజవాడ_బాబాయ్

అమ్మా ప్రియా, ఆ తండ్రి నేల మీద పడ్డాడన్న చోట ఆగిపోయాను. నాకూ ఇద్దరు కొడుకులు. కొడుకు దేవుడి కోసం వెళ్లాడు సరే, తండ్రి బాధ ఆ పుస్తకంలో ఉందా, లేక వాక్యం చెప్పి గెలిచానన్న సంతోషమే ఉందా?

చరిత్రప్రియ

బాబాయ్ గారూ, పైకి గెలుపే రాశాడు. ఆ రాత్రి మరియమాత కలలో కనపడిందని కూడా రాశాడు. కానీ తండ్రి తిట్లు ఒక్కటి కూడా వదలకుండా, సాక్షుల ముందు ఎక్కడ పడ్డాడో, ఏమన్నాడో అంతా దాచిపెట్టాడు. దాదాపు యాభై ఏళ్లు అవి మనసులో ఉండబట్టే కదండీ రాయగలిగాడు. తండ్రి బాప్తిస్మ మందిరం పునాదిలో రాళ్లు వేసిన సంగతి కూడా గుర్తుపెట్టుకుని రాశాడు. శపించిన తండ్రిని ఊరి పునాదిలో నిలబెట్టాడు కొడుకు. నేనలా చదువుకున్నాను.

మిలానో_చదువు

నేను ఇక్కడ మిలాన్‌లో ఎం.ఎస్. చేస్తున్నాను. పర్మా రైల్లో గంటన్నర లోపే. ఆ బాప్తిస్మ మందిరం ఇప్పటికీ నిక్షేపంలా ఉంది. ఎనిమిది పలకల కట్టడం, వెరోనా నుంచి తెచ్చిన గులాబిరంగు పాలరాయి. శిల్పి బెనెదెత్తో అంతెలామి 1196లో మొదలుపెట్టాడని తలుపు పైన చెక్కి ఉంటుంది. దాని పక్కనే ప్రధాన చర్చి. చుట్టూ ఖాళీ స్థలం. అక్కడ ఇళ్లు ఉండేవని నాకు తెలియదు.

చరిత్రప్రియ

ఆ ఖాళీ స్థలం గురించే రాశాడు! ఆ మందిరం కట్టడానికి అక్కడున్న ఇళ్లు కూల్చారు. వాటిలో వాళ్ల బంధువుల ఇళ్లు కూడా ఉన్నాయి. ఇళ్లు పోయాక ఆ బంధువులు బొలోన్యా వెళ్లి అక్కడి పౌరులైపోయారు, వాళ్ల ఇంటిపేరు కూడా మారింది. గులాబిరంగు రాయి చూసేవాళ్లకి ఈ కూల్చివేత సంగతి ఎక్కడా కనపడదు. సలింబేనె రాయకపోతే మనకి తెలిసేదా?

కరణంగారి_మనవడు

ఇది మంచి పాయింటే. ఇలాంటివి లెక్కల్లో రావు, ఒప్పుకుంటున్నాను. అయితే నా అసలు అనుమానం నమ్మకం గురించి. పసిపిల్లలతో ఎవరూ మాట్లాడకుండా పెంచి ఏ భాష మాట్లాడతారో చూడాలనుకున్నాడని ఫ్రెడరిక్ చక్రవర్తి మీద ఒక కథ ఉంది కదా. అది ఈయన రాసిందేగా? పోపుకీ ఫ్రెడరిక్‌కీ శత్రుత్వం కదా, పోపు పక్షం సన్యాసి చక్రవర్తి మీద ఏదైనా రాస్తాడు.

చరిత్రప్రియ

అవును, ఈయన పుస్తకంలోదే. దాదులు పాలివ్వాలి, స్నానం చేయించాలి, కానీ ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. హీబ్రూనా, గ్రీకా, లాటినా, అరబీనా, కన్నవాళ్ల భాషా, ఏది వస్తుందో చూడాలని. పిల్లలంతా చచ్చిపోయారని రాశాడు. చప్పట్లు, నవ్వుముఖం, ముద్దుమాటలు లేకుండా వాళ్లు బతకలేరు అన్నాడు. ఇది నిజంగా జరిగిందని నేను అనను. అది ఫ్రెడరిక్ వింత పనులంటూ పోగుచేసిన జాబితాలో ఉంది, ఆ జాబితా శత్రువుల పక్షం నుంచి వచ్చింది. అలాగే చదవాలి.

కానీ ఒకటి గమనించండి. ఆ తిట్లన్నీ రాసి, ఇతను మంచి కతోలికుడై దేవుణ్ణీ సభనీ ప్రేమించి ఉంటే లోకంలో ఇతనికి సాటి వచ్చే రాజులు కొద్దిమందే అని కూడా రాశాడు. నేను అతన్ని చూశాను, ఒకప్పుడు ప్రేమించాను అన్నాడు. 1250లో ఫ్రెడరిక్ చనిపోయాడన్న వార్త వస్తే నమ్మలేదు. ఎందుకంటే అప్పట్లో అతను యోవకీము అనే మఠాధిపతి చెప్పిన జోస్యాలను గట్టిగా నమ్మేవాడు. వాటి ప్రకారం ఫ్రెడరిక్ ఇంకా చాలా కీడు చెయ్యాలి, 1260లో కొత్త యుగం రావాలి. ఫెరారాలో పోపు నోటితో స్వయంగా విన్నాకే మరణాన్ని నమ్మాడు. 1260 కూడా వచ్చి వెళ్లిపోయాక ఆ జోస్యాలు వదిలేశాడు, ఇక కళ్లతో చూసిందే నమ్ముతానన్నాడు.

మెలోరియా సముద్రయుద్ధం (1284, జెనోవాకీ పీసాకీ మధ్య) గురించి రాసినప్పుడు చనిపోయినవాళ్ల సంఖ్య ఎవరికి వాళ్లు ఒక్కోలా చెప్తున్నారు కాబట్టి తొందరపడి రాయదలచుకోలేదన్నాడు. పుకార్లు పోగేసేవాడు అలా ఆగడు.

గోదావరి_గట్టు

పర్మా ముట్టడి గురించి ఎవరైనా రాయండి. ఫ్రెడరిక్ ఓడిపోయింది అక్కడే కదా?

డాలస్_తెలుగు

నేను ప్రయత్నిస్తాను, ప్రియ గారు మిగతాది చెప్తారు.

పర్మా మొదట చక్రవర్తి పక్షం. అయితే నాలుగో ఇన్నొసెంట్ పోపు అంతకుముందు పర్మా చర్చిలో పనిచేసినవాడు, ఆయన అక్కచెల్లెళ్లు ఆ ఊళ్లోనే పెళ్లిళ్లు చేసుకున్నారు. ఆ బంధువర్గం వాళ్లని ఊళ్లోంచి తరిమేశారు. 1247 జూన్ 16 ఆదివారం వాళ్లు పియాచెంజా వైపు నుంచి తిరిగొచ్చి దాడి చేశారు. చక్రవర్తి మనుషులు ఆ రోజు ఒక పెళ్లి విందులో ఉన్నారు. తిని తాగి బల్లల దగ్గర్నుంచి లేచి యుద్ధానికి వెళ్లారు. ఓడిపోయారు, ఊరి అధికారి చచ్చిపోయాడు. ఊరు చేతులు మారింది.

ఫ్రెడరిక్ మండిపడి వచ్చి ముట్టడి వేశాడు. ఊరి బయట చెక్కతో ఏకంగా ఇంకో పట్టణం కట్టాడు, దానికి విక్టోరియా అని పేరు. పర్మాని నేలమట్టం చేసి జనాన్ని అందులోకి మార్చాలని ఆలోచన. దాని పేరు మీద నాణేలు కూడా వేయించాడు. 1248 ఫిబ్రవరి 18న చక్రవర్తి డేగలతో వేటకి వెళ్లాడు. ఆకలితో ఉన్న పర్మా జనం, ఆడవాళ్లతో సహా, ఒక్కసారిగా బయటికొచ్చి విక్టోరియాని తగలబెట్టేశారు. ఖజానా మొత్తం దొరికింది, ఫ్రెడరిక్ కిరీటంతో సహా.

చరిత్రప్రియ

చక్కగా చెప్పారు. ఇక ఇందులో సలింబేనె మాత్రమే చెప్పగలిగినవి కొన్ని.

ముట్టడిలో పట్టుకున్న పర్మా వాళ్లని రోజూ పొద్దున్నే ఊరివాళ్లకి కనపడేలా, ఒకసారి ముగ్గుర్ని, ఒకసారి నలుగుర్ని, తలలు నరికించేవాడు ఫ్రెడరిక్. ఆ రోజుల్లో సలింబేనె ఊళ్లోనే ఉన్నాడు. తర్వాత బయటపడి ఫ్రాన్సులోని లియోన్‌కి వెళ్లాడు, అప్పుడు పోపు ఉన్నది అక్కడే. నవంబరు 1న అక్కడికి చేరగానే పోపు తన గదిలోకి పిలిపించుకుని ఒంటరిగా మాట్లాడాడు. ముట్టడిలో ఉన్న ఊరి నుంచి కబురు తెచ్చినవాడు అప్పుడు ఇతనొక్కడే. ఇరవై ఆరేళ్ల ఒక కుర్ర సన్యాసి!

గెలుపు రోజున అతను ఊళ్లో లేడు, ఫ్రాన్సులో ఉన్నాడు. తర్వాత విన్నదంతా రాశాడు. కిరీటం దొరికింది ఒక పొట్టివాడికి. కురచ అడుగులు వేస్తాడని అతన్ని కోర్తోపాస్సో అనేవాళ్లు. డేగని చేతిమీద పెట్టుకున్నట్టు కిరీటాన్ని పట్టుకుని అందరికీ చూపిస్తూ ఊళ్లోకి వచ్చాడట. ఊరి పెద్దలు 200 పౌండ్ల డబ్బు, ఒక ఇల్లు ఇచ్చి కొనుక్కున్నారు. ఆ ఇల్లు ఉన్నచోట అంతకుముందు గుర్రాల్ని కడిగే గుంట ఉండేదని కూడా రాశాడు. కిరీటాన్ని చర్చి వస్తువుల గదిలో పెట్టారు. "నేను చేత్తో పట్టుకున్నాను, చాలా బరువు, కుండంత ఉంది" అన్నాడు.

చక్రవర్తి పక్షాన ఉన్న క్రెమోనా ఊరివాళ్ల జెండాబండి (యుద్ధంలో ఎద్దులు లాగేది) కూడా దొరికింది. దాన్ని తెచ్చి ఆ బాప్తిస్మ మందిరంలోనే పెట్టారు. పర్మా ఆడవాళ్లు, ముఖ్యంగా పెద్దింటివాళ్లు, ఊరు దక్కితే ఇస్తామని మరియమాతకి మొక్కుకుని వెండితో ఊరి నమూనా చేయించి సమర్పించారు. చర్చి, మందిరం, బిషపు గారి మేడ అన్నీ వెండిలో. అది కూడా అతను కళ్లారా చూశాడు.

ఇంకో వైపు యుద్ధంలో పల్లెలు ఎలా అయిపోయాయో రాసిన పేజీలున్నాయి. దున్నేవాడు లేడు, కోసేవాడు లేడు. పొలాలకి వెళ్లాలంటే సైనికుల కాపలా కావాలి. పెంపుడు జంతువులు దొరక్క తోడేళ్లు రాత్రిళ్లు ఊరి కందకాల దగ్గర అరుస్తూ తిరిగేవి, లోపలికొచ్చి అరుగుల కిందా బళ్లలోనూ పడుకున్నవాళ్లని తినేసేవి. గెలుపు సంబరం రాసినవాడే ఇది కూడా రాశాడు. కరణంగారి మనవడు గారూ, ఇలాంటి చరిత్రకారుణ్ణి నేను నమ్ముతాను.

మిలానో_చదువు

ఖచ్చితంగా ఒక్క ఊరి చరిత్రే రాసిన సన్యాసి కావాలంటే మా మిలాన్‌లో ఒకాయన ఉన్నాడు. గల్వానో ఫియమ్మ, డొమినికన్ అనే ఇంకో సభ సన్యాసి, 1283లో ఇక్కడే పుట్టాడు. 1298లో సాంత్ ఎవుస్తోర్జో మఠంలో చేరాడు. మిలాన్ మీద ఒకదాని తర్వాత ఒకటి అనేక చరిత్రలు రాశాడు, పాలకులైన విస్కోంతి కుటుంబానికి దగ్గరివాడు.

1336లో ముగ్గురు జ్ఞానుల (పసి యేసుని చూడటానికి వచ్చినవాళ్ల) ఊరేగింపు గురించి ఆయన రాసింది భలే ఉంటుంది. కిరీటాలు పెట్టుకుని గుర్రాల మీద ముగ్గురు రాజులు, ముందు బంగారు నక్షత్రం, వెనక కోతులు, రకరకాల జంతువులు, బూరలు. సాన్ లొరెంజో స్తంభాల దగ్గర హేరోదు రాజు వేషగాడు. ఆ స్తంభాలు ఇప్పటికీ ఉన్నాయి, సాయంత్రమైతే కుర్రకారంతా అక్కడే. అదే కాలంలో సాన్ గొత్తార్దో చర్చి గడియారం గురించి రాశాడు: రాత్రీ పగలూ 24 గంటలూ తనంతట తనే, ఒంటిగంటకి ఒకటి, రెండుకి రెండు, ఇలా కొడుతుంది, ఇది అన్ని రకాల మనుషులకీ చాలా అవసరం అన్నాడు.

ఇక అసలు విశేషం. ఆయన రాసిన ఒక ప్రపంచ చరిత్రలో గ్రీన్‌లాండుకి పడమరన "మార్కలాద" అనే నేల ఉందని, పచ్చని చెట్లు, జంతువులు, పక్షులు ఉంటాయని ఉంది. ఐస్‌లాండ్ వాళ్ల కథల్లో మార్క్‌లాండ్ అని పిలిచే ఉత్తర అమెరికా తీరం అదే అయ్యుండాలని మిలాన్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ పావ్‌లో కియేజా 2021లో ప్రకటించారు. కొలంబస్‌కి నూటయాభై ఏళ్ల ముందు, జెనోవా నావికుల నోట విన్న మాట అయ్యుంటుందని ఆయన అభిప్రాయం.

ఓరుగల్లు_వాసి

తమ్ముడూ, ఇది సూపర్. దీనికి వేరే థ్రెడ్ పెట్టు. ఆ తరం ఇటలీవాళ్లలో మార్కో పోలో మన మోటుపల్లి గురించి రాశాడు, అక్కడ రాణి పాలన అని, వజ్రాలు, సన్నని బట్టలు అని. జెనోవా, వెనిస్ రేవుల్లో అప్పుడు ఎన్ని దేశాల కబుర్లు తిరిగేవో!

నల్లమల

ఇంతసేపూ చదువుతున్నాను, ఇప్పుడు రాస్తున్నాను. ప్రియ గారూ, మీరు ఇష్టంతో చెప్తున్నారు, బాగుంది. కానీ ఈయన గెరార్దో సెగరెల్లి గురించి రాసిన తీరు మీకు బాధ అనిపించలేదా? అతనూ పర్మా వాడే. చదువురాని బీదవాడు. ఫ్రాన్సిస్కన్‌లు చేర్చుకోకపోతే ఇల్లు అమ్మి ఆ డబ్బంతా సంతలో పంచేసి, అపొస్తలుల్లాగా బతుకుతానని తిరిగాడు. వందలమంది వెంట నడిచారు. సలింబేనె అతన్ని మూర్ఖుడని, అతని వెంట ఉన్నవాళ్లు పశువుల కాపర్లని, పనిచెయ్యకుండా తినేవాళ్లని పేజీలకి పేజీలు తిట్టాడు. 1300లో పర్మాలోనే సెగరెల్లిని కాల్చి చంపారు. ఊరి చరిత్రకారుడు ఊరి బీదవాడి పక్షాన లేడు.

చరిత్రప్రియ

బాధ అనిపించిందండి. ఆ పేజీలు నేను రెండోసారి చదవలేను. సలింబేనె పెద్దింటి బిడ్డ, చదువుకున్నవాడు, ఆ అహంకారం ఎక్కడికీ పోలేదు. పర్మా జనం తమ సభకి ఇవ్వాల్సిన బిచ్చం సెగరెల్లి మనుషులకి పెడుతున్నారన్న అక్కసు కూడా ఉంది. ఆ సందర్భంలోనే, నేను సభలో చేరి 48 ఏళ్లైంది, పర్మా వాళ్లకి మా మీద భక్తి లేదు కాబట్టి ఆ ఊళ్లో ఉండాలని ఎప్పుడూ కోరుకోలేదు అన్నాడు. నిజంగానే లూకా, సియెనా, పీసా, ఏడేళ్లు ఫెరారా, చివర్లో రెజ్జో, ఇలా బయటే బతికాడు.

అయినా సెగరెల్లి ఇల్లు అమ్మి డబ్బు ఎక్కడ నిలబడి ఎవరికి విసిరాడో, చర్చిలో దీపం మూత మీద బొమ్మల్లో అపొస్తలుల చెప్పులూ దుప్పట్లూ చూసి అలాంటి వేషం ఎలా వేసుకున్నాడో మనకి తెలిసింది ఈయన వల్లే. తిట్టడానికి రాశాడు. ఆ తిట్లలోంచే సెగరెల్లి మనకి కనిపిస్తున్నాడు. అతనికి వేరే సాక్షి పెద్దగా లేడు, తీర్పు చెప్పినవాళ్లు తప్ప.

నల్లమల

ఇది ఒప్పుకుంటాను. నాకు సెగరెల్లి వైపు నుంచి ఎవరైనా రాసి ఉంటే బాగుండేదన్న కొరత మాత్రం ఉంటుంది.

బెజవాడ_బాబాయ్

క్యాబేజీ సంగతి తర్వాత తిండి గురించి ఇంకేం రాశాడమ్మా? పెద్దాయన భోజనప్రియుడిలా ఉన్నాడు.

చరిత్రప్రియ

చాలా రాశాడు బాబాయ్ గారూ! 1248లో సాన్స్ అనే ఊళ్లో ఫ్రాన్సు రాజు తొమ్మిదో లూయీని చూశాడు. క్రూసేడుకి వెళ్తూ కాలినడకన, యాత్రికుడి చేతికర్ర పట్టుకుని వచ్చాడట, సన్నగా, దేవదూత ముఖంతో. ఆ రోజు రాజు సన్యాసులకి పెట్టించిన విందు వరసగా రాసుకున్నాడు: ముందు చెర్రీలు, తెల్లటి రొట్టె, ద్రాక్షసారాయం, పాలలో ఉడికించిన పచ్చి చిక్కుడు గింజలు, చేపలు, పీతలు, బాదంపాలూ దాల్చినచెక్కా వేసిన అన్నం. 1284లో సెయింట్ క్లారా పండగ రోజున పిండి పైపొర లేని రవియోలి (మామూలుగా పిండి పొరలో కూరి వండే ఇటలీ వంటకం) జీవితంలో మొదటిసారి తిన్నానని కూడా రాశాడు. 1286లో కోళ్ల జబ్బు వచ్చి క్రెమోనాలో ఒకావిడకి 48 కోళ్లు చచ్చిపోయాయి. ఒక వైద్యుడు కోళ్లని కోసి చూస్తే గుండె దగ్గర కురుపు కనిపించింది. అప్పుడే చనిపోయిన ఒక మనిషిని కూడా కోసి చూస్తే అదే కనిపించింది. వైద్యచరిత్ర రాసేవాళ్లు ఇప్పటికీ ఆ వాక్యం చూపిస్తారు.

కరణంగారి_మనవడు

నలభై ఎనిమిది కోళ్లు! చూశారా, లెక్క ఉంది. ఇక ఈయన్ని నేను చదువుతాను. ఎక్కడ మొదలుపెట్టాలి? లాటిన్ రాదు.

చరిత్రప్రియ

ఇంగ్లీషు అనువాదం ఉంది, లావు పుస్తకం. మొదటి నుంచి వరసగా మాత్రం చదవకండి. మిగిలిన ప్రతి మొదట్లో చాలావరకు అతను వేరే చరిత్రల నుంచి ఎత్తి రాసింది, బైబిలు వాక్యాలు కూడా పేజీలకి పేజీలు వస్తాయి. 1229 దగ్గర మొదలుపెట్టండి. 1233లో బెనెదిక్త్ అనే సన్యాసి నల్ల గడ్డంతో, ఎర్ర సిలువ వేసిన నల్ల అంగీతో, చిన్న ఇత్తడి బూర ఊదుకుంటూ పర్మా వీధుల్లోకి వస్తాడు, పిల్లలు కొమ్మలూ కొవ్వొత్తులూ పట్టుకుని వెంట నడుస్తారు. అప్పుడే కడుతున్న బిషపు గారి మేడ గోడ మీద నిలబడి అతను పాట చెప్పడం పదకొండేళ్ల సలింబేనె చూశాడు. అక్కడి నుంచి పర్మా ముట్టడి దాకా ఒక వారంలో అయిపోతుంది. ఆ తర్వాత 1280ల సంగతులు చదవండి.

డాలస్_తెలుగు

ఆ రాతప్రతి ఇంతకాలం ఎక్కడుంది? పర్మా వాళ్లకి తమ ఊరాయన పుస్తకం ఎప్పుడు దొరికింది?

చరిత్రప్రియ

1288 ప్రాంతంలో ఆయన చనిపోయాక పుస్తకాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. రాతప్రతి చివరికి వాటికన్‌కి చేరింది, మొదటి పేజీలు అప్పటికే లేవు. అచ్చులో వచ్చింది 1857లో, అది కూడా పర్మాలోనే. అయితే ఆ అచ్చులో కొన్ని చోట్ల కత్తిరించేశారు, సన్యాసుల గురించీ బిషపుల గురించీ అతను మరీ బాహాటంగా రాసినవి. మొత్తం పాఠం జర్మన్ పండితుడు హోల్డర్-ఎగ్గర్ 1905 నుంచి భాగాలుగా ప్రచురించాడు. కరణంగారి మనవడు గారూ, మీరు కొనేది ఆ పూర్తి పాఠం నుంచి చేసిన అనువాదమేనా అన్నది చూసుకుని కొనండి. 1233 అయ్యాక ఇక్కడికే వచ్చి రాయండి, నేను ముట్టడి పేజీలు మళ్లీ తెరిచి పెట్టుకుంటాను.